కుక్కల బంతి భోజనం

"కుక్కల్లా కొట్టుకుంటున్నారు" అనే మాట ఎలా పుట్టిందో తెలియాలంటే, ఒకటికి మించి కుక్కలున్న ఇంటికి రాత్రి అన్నం వేళకి వెళ్ళాలి. చేగుంటలో మా ఇంట్లో మూడున్నాయి. పగలంతా ఒకదాని మీద ఒకటి కాళ్ళేసుకుని పడుకునే ఈ ముగ్గురు మిత్రులూ, ఎనిమిదిన్నరకి అమ్మ గిన్నె పట్టుకుని వాకిట్లోకి రాగానే శత్రుదేశాలైపోతారు. తినడం అయిన పావుగంటకి మళ్ళీ ఏమీ జరగనట్టే పడుకుంటారు. నేను వారమంతా హైదరాబాదులో ఉండి శుక్రవారం రాత్రి ఇంటికి చేరే బాపతు కాబట్టి, అమ్మ చెప్పే వారం వార్తల్లో మొదటి హెడ్‌లైన్ ఎప్పుడూ ఇదే. ఎవరు ఎవర్ని కరిచారు, ఎవరి చెవి చిరిగింది వగైరా.

ఉత్త గోల అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. రెండేళ్ళ కింద విడదీయబోతే అమ్మ ముంజేతి మీద పన్ను దిగింది. 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులు వేయించాం. రేబిస్ ఒకసారి బయటపడ్డాక దానికి మందు లేదు కదా, ఇంటి కుక్కే అయినా డాక్టర్లు ఛాన్స్ తీసుకోరు. అప్పట్నుంచి నాకు ఈ విషయం మీద పట్టుదల పెరిగింది. అసలు బోలెడు కుక్కల్ని పెంచినవాళ్ళు ఇన్ని వేల ఏళ్ళుగా వాటికి ఎలా తిండి పెట్టారు? సలహాలు వెతుకుతూ మొదలుపెట్టి, ఎప్పటిలాగే చరిత్రలోకి జారిపోయాను.

ముందు ఆ సలహాల సంగతి చూద్దాం. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే పాట. "మీ కుక్కల్లో నాయకుడెవరో కనిపెట్టండి, దానికి ముందు పెట్టండి, మిగతావి దారికొస్తాయి." దీన్నే ఆల్ఫా సిద్ధాంతం అంటారు. దీని పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. స్విట్జర్లాండులో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ జంతు ప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళని గమనించి 1947లో ఒక వ్యాసం రాశాడు. ఆవరణలో పెట్టేసిన తోడేళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఒక పెత్తనం వరస ఏర్పరచుకున్నాయని అందులోని సారాంశం. అమెరికాలో డేవిడ్ మెక్ తన 1970 నాటి పుస్తకంలో ఆ ఆలోచననే వాడుకున్నాడు, అది బాగా అమ్ముడైంది, ఆల్ఫా అనే మాట జనంలోకి పోయింది. తర్వాత అదే మెక్ అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూసి, గుంపు అంటే మామూలుగా ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్ళ పిల్లలు, అంతే, "ఆల్ఫా" అనడం "ఇంటి పెద్ద" అనడం కంటే ఎక్కువేమీ చెప్పదు అని 1999లో రాశాడు. పాత పుస్తకం అచ్చు ఆపమని పబ్లిషర్‌ని కూడా అడిగాడు. సలహాలు మాత్రం ఆగలేదు. డాక్యుమెంటేషన్ మార్చినా పాత వెర్షన్ వాడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు :)

నేను ఈ ఆల్ఫా సంగతి అమ్మకి చెప్తే ఆవిడ ఒకటే అంది. "ముందుగాల పెద్దదానికి పెట్టాల్నని గూగుల్ చెప్పిందా? గూగుల్ ఎన్నడన్న కుక్కకు బువ్వ పెట్టిందారా?"

సరే, అన్నం పెట్టినవాళ్ళ దగ్గరికే వెళ్దాం. నాకు దొరికిన వాటిల్లో అన్నిటికంటే ఇంజనీరింగ్ పద్ధతిలో ఉన్నది కౌటిల్యుడి అర్థశాస్త్రం. మైసూరులో ఆర్. శామశాస్త్రి గారు తాటాకు ప్రతి నుంచి దాన్ని 1909లో అచ్చు వేయించారు, 1915లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అందులో కోష్ఠాగారాధ్యక్షుడు, అంటే సర్కారు ధాన్యపు కొట్టు చూసే అధికారి, ఎవరెవరికి ఎంతెంత కొలిచి ఇవ్వాలో ఒక జాబితా ఉంది. ఆర్యుడికి ఒక పూటకి ఒక ప్రస్థం బియ్యం, దానికి తగ్గ పప్పు, ఉప్పు, నెయ్యి. ఆడవాళ్ళకి అందులో పావు వంతు తక్కువ. పిల్లలకి సగం. ఏనుగులు, గుర్రాలు, ఎడ్లు అయ్యాక కుక్కల వంతు వస్తుంది. కుక్కకి ఒక ప్రస్థం వండిన అన్నం. హంసకీ, క్రౌంచానికీ, నెమలికీ అర ప్రస్థం.

ఆర్యుడికీ ప్రస్థమే కుక్కకీ ప్రస్థమే అని ఎగరకండి. ఆయనది బియ్యం కొలత, దానిది అన్నం కొలత, ఉడికితే ఎంత ఉబ్బుతుందో మీకు తెలుసు. నన్ను ఆపేసిన విషయం వేరే. కుక్కలన్నిటికీ కలిపి ఇంత అనలేదు. లెక్క తలకి ఇంత అని ఉంది. అడవుల్లో దొంగల్నీ శత్రువుల్నీ కనిపెట్టడానికి వేటకాళ్ళు కుక్కల గుంపులతో తిరగాలని కూడా అదే పుస్తకం చెప్తుంది, కాబట్టి గుంపులు గుంపులుగా కుక్కల్ని మేపిన అనుభవం వాళ్ళకి ఉంది. గుంపుకి తిండి పెట్టాలంటే ముందు తలలు లెక్కబెట్టాలి అన్న సంగతి ఎవరో ఒక గుమాస్తా రెండు వేల ఏళ్ళ కిందటే తెలుసుకున్నాడన్నమాట.

ఇదే దేశంలో ఇంకో పద్ధతి కూడా నడిచింది. అది ఇళ్ళలోది, గుళ్ళలోది. ఋగ్వేదం పదో మండలంలో యముడి వాకిట రెండు కుక్కలుంటాయి. నాలుగేసి కళ్ళు, సరమ కొడుకులు, పోయినవాళ్ళ దారి కాస్తుంటాయి. తర్వాతి కాలంలో వాటికి శ్యామం, శబలం అని పేర్లొచ్చాయి. మన పురాణాల్లో ఒకటికి మించి కుక్కలున్న మొదటి ఇల్లు బహుశా యముడిదే. గృహస్థు తినేముందు చేసే వైశ్వదేవంలో ఈ రెండింటి పేరు చెప్పి బయట ముద్ద వేయడం ఆచారం. నేను విన్న పాఠంలో కుక్కలు ద్వివచనం, పిండం ఏకవచనం. రెండు కుక్కలకి ఒకే ముద్ద! రాసిన మహానుభావుడు మా వాకిట్లో ఒక్క రాత్రి నిలబడి ఉంటే ఆ వచనం మార్చేవాడు.

నవ్వులాట పక్కన పెడితే, ఈ బయట వేసే ముద్ద గురించి మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉన్నది చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. గృహస్థు అన్నాన్ని మెల్లగా నేల మీద ఎవరెవరి కోసం పెట్టాలో ఒకే వరసలో చెప్తుంది. కుక్కలు, పతితులు, శ్వపచులు, రోగిష్ఠులు, కాకులు, పురుగులు. మనుషులూ కుక్కలూ ఒకే బంతిలో, ఒకే నేల మీద. పదో అధ్యాయంలో ఇంకా వివరంగా ఉంది. చండాలురకీ శ్వపచులకీ ఆస్తి కుక్కలూ గాడిదలూ, వాళ్ళు తినాల్సింది పగిలిన పాత్రల్లో. దీన్ని జీవకారుణ్యం అని చెప్పేవాళ్ళని నేను విన్నాను. కుక్కకి ముద్ద వేయడం కరుణే, ఒప్పుకుంటాను. కానీ ఆ ముద్ద ఎక్కడ వేస్తున్నాం, దాని పక్కన ఎవర్ని కూర్చోబెడుతున్నాం అన్నది కూడా చూడాలి కదా. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన ఊళ్ళు మన జిల్లాల్లో ఉండేవని మా నాన్న తరం వాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు. పగిలిన పాత్ర అనేది గ్రంథంలోనే ఉండిపోలేదు.

భారతం మొదలయ్యేది కూడా దాదాపు ఇలాంటి గొడవతోనే. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుంటే ఒక కుక్కపిల్ల అటుగా వస్తుంది. రాజు తమ్ముళ్ళు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమకి చెప్తుంది. నేను నేతిని నాకలేదు, వాటి వైపు చూడను కూడా లేదు అని. సరమ వచ్చి తప్పు చేయని నా పిల్లని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. జవాబు రాదు. అనుకోని చోటు నుంచి నీకు భయం వస్తుంది అని శపించి పోతుంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ దీన్ని తెలుగు చేశాడు, ఆదిపర్వంలో చూడొచ్చు. నాకు ఇందులో నచ్చేది ఆ కుక్కపిల్ల వాదన. తిండి దగ్గరికి వచ్చిన కుక్క దొంగే అని మనం ముందే తీర్పు ఇచ్చేస్తాం.

ఇప్పుడు మా ఊరి వైపు వద్దాం. చేగుంట నేషనల్ హైవే 44 మీద, హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే దారిలో ఉంటుంది. పాతవాళ్ళు ఇంకా దాన్ని సెవెన్ నంబర్ రోడ్డనే అంటారు. దగ్గర్లో వడియారం స్టేషన్, నిజాం కాలం నాటి మన్మాడ్ లైను. రోడ్డూ రైలూ వదిలేసి పక్కకి పోతే, వానాకాలం మీద బతికే మెట్ట నేలలు, గొర్ల మందలు. మా తాతవాళ్ళు కురుమలు. తాత చనిపోయేదాకా భుజం మీద గొంగడి దిగలేదు.

గొర్ల కాపరికి ఒక్క కుక్క చాలదు. పంట కోశాక రైతులు మందని తమ పొలంలో రాత్రిళ్ళు పడుకోబెట్టించుకునేవాళ్ళు, ఎరువు కోసం. మంద పెట్టుడు అంటారు. బదులుగా కాపరికి జొన్నలో ఇంకో గింజో కొలిచేవాళ్ళు. ఆ జొన్నలే గటక అయ్యేవి. కాపరికి గటక, కుక్కలకీ గటక. మాంసం ఎప్పుడో చచ్చిన గొర్రె దొరికినప్పుడు. నానమ్మ చెప్పిన పద్ధతి ఇది. మందకి నాలుగు దిక్కులా నాలుగు కుక్కలుంటే, ఏ కుక్క ఎక్కడ కాపలా ఉండాలో అక్కడికే పోయి దాని బువ్వ వేసేవాళ్ళు, పగిలిన కుండ పెంకులో. "ఆడ ఏస్తే ఆడనే ఉంటది. అన్నిటికి ఒక్కతాన ఏస్తే మందను ఇడిసిపెట్టి ఆడనే కొట్టుకుంటయి. గప్పుడు తోడేలు నీకోసం ఆగుతదా?"

ఈ రెండు ముక్కల్లో నాకు నెట్‌లో నెల రోజులు వెతికినా దొరకనంత విషయం ఉంది. తిండి పెట్టే చోటు అనేది ఆవిడకి పనిలో భాగం. పెంకు పెట్టిన చోటు ఆ కుక్క డ్యూటీ స్టేషను. ఎవరు నాయకుడు, ఎవరికి ముందు అన్న ప్రశ్న ఆవిడకి అసలు రాలేదు, ఎందుకంటే ఒకదాని తిండి ఇంకోదాని ముక్కుకి అందేంత దగ్గర్లో ఉండేదే కాదు.

కురుమల దేవుడు మల్లన్న చుట్టూ కూడా కుక్కలే. కొమురవెల్లిలో మనం మల్లన్న అనే దేవుణ్ణే మహారాష్ట్ర జేజూరిలో ఖండోబా అంటారు, కర్ణాటకలో మైలారలింగడు అంటారు. మైలారలో గొరవయ్యలు దేవుడి కుక్కలమని చెప్పుకుంటారు. దోణి సేవ అని ఒకటి ఉంటుంది. తలా ఒక గిన్నె నేల మీద పెట్టుకుంటారు, భక్తులు వాటిల్లో పాలు, నెయ్యి, అరటిపండ్లు వేస్తారు, గొరవయ్యలు మొరుగుతూ, గుర్రుమంటూ, వంగి నోటితో తింటారు. మనిషి కుక్క వేషం వేసినప్పుడు కూడా గిన్నె మాత్రం ఎవరిది వాళ్ళదే, గమనించండి.

పడమటి వైపు రాజుల వేటకుక్కల కథ ఇంకో రకం. ఫ్రాన్సులో ఫాయిక్స్ ప్రభువు గాస్టన్ ఫెబస్ 1387లో మొదలుపెట్టిన వేట పుస్తకం ఈ విషయంలో పెద్ద గ్రంథం. జింకని చంపాక దాని తోలు నేల మీద పరిచి, రక్తంలో నానబెట్టిన రొట్టె, పేగుల ముక్కలు దాని మీద వేసేవాళ్ళు. కుక్కలన్నీ చుట్టూ నిలబడి ఉండాలి, సైగ ఇచ్చేదాకా కదలకూడదు, ఇచ్చాక అన్నీ ఒక్కసారే మీద పడాలి. తోలు మీద పెట్టే ఈ విందుకి వాళ్ళు పెట్టుకున్న పేరు నుంచే ఇంగ్లీషులో వేట జంతువుకి క్వారీ అనే మాట వచ్చింది. (మన వైపు రాళ్ళు కొట్టే క్వారీ వేరే మాట, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) ఇది పనికి జీతంలాంటిది. వేట కలిసి ఆడారు కాబట్టి కలిసి తినండి అని. పైగా పక్కన కర్రలు పట్టుకున్న నౌకర్లు బోలెడుమంది. ఆ పద్ధతికి అయిన ఖర్చు ఎవరు భరించారో అదే సంప్రదాయంలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, యార్క్ ప్రభువు ఎడ్వర్డ్ రాసినది, చెప్తుంది. కుక్కలు కొట్టుకోకుండా ఉండటానికి వాటి కొట్టంలో రాత్రీ పగలూ ఒక పిల్లవాడు ఉండాలట. పదిహేనో శతాబ్దం మొదట్లో మాట ఇది. ఆ పిల్లవాడి చేతులు ఎలా ఉండేవో నాకు ఊహించుకోవాలనిపించదు.

జునాగఢ్ నవాబు మహబత్ ఖాన్ గారిది ఈ లైన్లో చివరి మెట్టు. ఎనిమిది వందల దాకా కుక్కలుండేవనీ, వాటికి గదులూ నౌకర్లూ ఉండేవారనీ చెప్తారు. 1922లో రోషనారా అనే ఆడకుక్కకి బాబీ అనే మగకుక్కతో చేయించిన పెళ్ళి దేశమంతా వార్త. 1947లో ఆయన కరాచీకి వెళ్ళిపోయినప్పుడు కుక్కల్ని కూడా కొన్నిటిని వెంట తీసుకెళ్ళాడు. ఈయన కుక్కల మధ్య కొట్లాటలు ఉండి ఉండవు. గదికి ఒకటి చొప్పున పెడితే ఎందుకుంటాయి?

మనవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. డైక్‌స్ట్రా 1965లో విద్యార్థులకి పరీక్షలో ఇచ్చిన ఒక లెక్క తర్వాత డైనింగ్ ఫిలాసఫర్స్ అయి మన ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో కూర్చుంది. అయిదుగురు తత్వవేత్తలు, అయిదు ఫోర్కులు, ప్రతి ఫోర్కూ ఇద్దరి మధ్యలో. లాకులు, సెమాఫోర్లు, వరసలు అని ఆరు పేజీల జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాం. తలా రెండు ఫోర్కులు కొనిస్తే పోతుంది కదా సార్ అని మా క్లాసులో ఒకడు అడిగితే అందరూ నవ్వారు. నానమ్మ పద్ధతి అదే. పంచుకోవాల్సిన వస్తువే లేకపోతే లాకు అక్కర్లేదు. మూడు కుక్కలంటే గొడవపడగల జతలు మూడు, నాలుగైతే ఆరు, అయిదైతే పది. కుక్కలు పెరిగేకొద్దీ మధ్యలో దూరే మనిషి చెయ్యి చాలదు.

అయితే వేర్వేరు పెంకులు పెట్టాలంటే ముందు పెట్టడానికి సరిపడా ఉండాలి. ఇక్కడే చరిత్ర పుస్తకాల్లో కనిపించని ఒక వ్యక్తి వస్తుంది. మన ఇళ్ళలో కుక్క అన్నం ఎక్కడ్నుంచి వచ్చేది? గిన్నె అడుగు నుంచి. గిన్నె అడుగు ఎవరిది? అందరూ తిన్నాక చివర్న కూర్చునే అమ్మది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెత. వడ్డించేది తానే అయి కూడా కడబంతిలో మిగిలినదే తినే మనిషి గురించి సామెత లేదు. కౌటిల్యుడు ఆడవాళ్ళకి పావు వంతు తగ్గించి రాశాడు, ఇళ్ళలో ఆ కొలత కూడా లేదు. వాకిట్లో కుక్క ఎదురుచూస్తుంటే ఆవిడ తన ముద్దలోంచి తీసేది. ఒక కుక్క అయితే ఒక ముద్ద. మూడైతే? ముద్ద మూడు చేయలేక ఒక్కచోట కుమ్మరించేది. గొడవ అక్కడ మొదలయ్యేది. కుక్కల గుణం గురించి మనం చెప్పుకునే కథల్లో చాలా వాటికి అసలు కారణం గిన్నెలో అన్నం తక్కువ కావడమేనని నా అభిప్రాయం.

దీన్ని మార్చింది ఒక మెరుపు తీగల సేల్స్‌మన్. జేమ్స్ స్ప్రాట్ అమెరికావాడు, పిడుగులు పడకుండా కట్టే లోహపు కడ్డీలు అమ్ముకోవడానికి లండను వచ్చాడు. రేవులో ఓడ బిస్కెట్లు, రాయిలా గట్టిగా ఉండేవి, పారేస్తే కుక్కలు ఎగబడి తినడం చూశాడని కథ. 1860 ప్రాంతంలో గోధుమ, కూరగాయలు, మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడే తర్వాత 1891లో తన పేరుతో కుక్కల ప్రదర్శన పెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. 1957లో ప్యూరినా వాళ్ళు పిండిని యంత్రంలోంచి ఒత్తి ఉబ్బించి గుళికలు చేశారు. ఇప్పుడు మనం కొనేవన్నీ ఆ సంతానమే. బిస్కెట్‌లో ఏం కలిపారన్నది నాకంత ముఖ్యం కాదు. మొదటిసారి కుక్క తిండి ఇంటివాళ్ళ కంచంతో సంబంధం లేకుండా, లెక్కబెట్టి ఇవ్వగలిగేలా వచ్చింది. కౌటిల్యుడి ప్రస్థం మళ్ళీ తిరిగొచ్చిందన్నమాట, ప్యాకెట్‌లో.

విచిత్రం ఏంటంటే ఆ ప్యాకెట్ తయారయ్యేది మా పక్కనే. పెడిగ్రీ చేసే మార్స్ కంపెనీకి సిద్దిపేట జిల్లాలో ఫ్యాక్టరీ ఉంది, 2016కి ముందు అదంతా మెదక్ జిల్లానే. 2022లో ఇంకో 500 కోట్లు పెట్టి దాన్ని పెంచుతామని ప్రకటించారు. మా చేగుంట మెదక్ జిల్లాలో ఉన్నా మా ఓటు దుబ్బాకకి, కాబట్టి ఆ జిల్లాని పరాయిది అనుకోం. గటక తిన్న మంద కుక్కల నేల మీద ఇప్పుడు గుళికల కుక్క తిండి టన్నుల్లో తయారవుతోంది.

గటక అంటే కుక్కకి అన్యాయం, అది మాంసాహారి అనేవాళ్ళకి ఒక మాట. స్వీడన్‌లోని ఉప్సలా నుంచి ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేసింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము జీన్ తోడేలుకి రెండు కాపీలే ఉంటే, కుక్కలకి నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. మనం వ్యవసాయం నేర్చుకుని గింజలు తినడం మొదలుపెడితే, మన వాకిట్లో ఉన్నది కూడా తన కోడు మార్చుకుంది. అలాగని మాంసం మీద యావ పోలేదు. కలకత్తా ఐసర్‌లో అనిందిత భద్ర గారి బృందం వీధి కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, మాంసం వాసన ఎక్కువున్న ముక్కనే అవి ముందు ఎంచుకుంటాయని తేలింది. అందుకే మా ఇంట్లో వట్టి పెరుగన్నం రోజు ప్రశాంతంగా గడుస్తుంది, ఆదివారం బొక్కలు పడిన రోజు యుద్ధమవుతుంది. పంచేవాడికి ఇది కూడా లెక్కే. బొక్క ముక్కలు చేయలేం, తినడానికి గంట పడుతుంది, ఆ గంటంతా కాపలా.

అమ్మ ఇప్పుడు నానమ్మ పద్ధతిలోకే వచ్చేసింది. ముసలిదానికి చింతచెట్టు కింద, గోధుమరంగుదానికి గేటు దగ్గర, చిన్నదానికి ఇంటి వెనక బోరు పక్కన. ఒకదాని నుంచి ఒకటి కనిపించవు. పెట్టేటప్పుడు గిన్నెలు మూడూ ముందే నింపుకుని వస్తుంది, తిన్నాక ఖాళీ గిన్నెలు ఎత్తేస్తుంది, ఎందుకంటే ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి. బొక్కలు గేట్లు వేసి, విడివిడిగానే. స్టీలు గిన్నెలు నేను కొనిచ్చినవి. నానమ్మకి అవి నచ్చలేదు, పెంకైతే కుక్క నోట కరుచుకుని పోదు అంటుంది, అదీ నిజమే. అన్నంలో సగం గుళికలు కలుపుతాం. అమ్మ తన కంచం ముందు పెట్టుకుని, తిన్నాక కుక్కల దగ్గరికి పోతుంది. ఈ చివరిదాని కోసం ఇంట్లో కుక్కల కంటే మనుషులతోనే ఎక్కువ వాదించాల్సి వచ్చింది.

వీధి కుక్కల సంగతి ఎత్తకుండా ముగిస్తే ఊరుకోరని తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాక ఈ విషయం మీద ప్రశాంతంగా మాట్లాడటమే కష్టమైంది. అన్నం పెట్టేవాళ్ళ వల్లే ఇదంతా అని కొందరు, పెట్టకపోతే ఇంకా కరుస్తాయని కొందరు. నాకు రెండు వాదనల్లోనూ ఒకటే లోపం కనిపిస్తుంది. ఇద్దరూ పెట్టాలా వద్దా అనే అడుగుతున్నారు, ఎలా అని అడగట్లేదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఒక్కచోట పొట్లం విప్పి కుమ్మరించి కారెక్కి వెళ్ళిపోవడం ఫ్రెంచి ప్రభువు విందే, కర్రలు పట్టుకున్న నౌకర్లు లేకుండా. పది కుక్కలు, ఒక కుప్ప, పక్కనుంచి బడికి పోయే పిల్లలు. హైవే మీద ధాబాల వెనక బొక్కలు పారబోసే చోటు కూడా అంతే. ఆ కుప్పని కాపలా కాసే కుక్కకి అటుగా వచ్చిన పిల్లవాడు పోటీదారుడే.

అదే ఏడాది మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో ఇరవయ్యో నియమం ఈ పని గురించే. తిండి పెట్టే చోట్లు నివాసుల సంఘాలో స్థానిక సంస్థలో నిర్ణయించాలి, పిల్లలు ఆడుకునే చోటికీ మెట్లకీ రాకపోకల దారులకీ దూరంగా ఉండాలి, వేళ కూడా పిల్లలూ ముసలివాళ్ళూ తిరగని సమయం చూసి పెట్టాలి, పెట్టినవాళ్ళే చెత్త తీయాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, మున్సిపల్ వార్డుల్లో వేరే చోట్లు చూపించండి అంది. ఇరవయ్యో నియమంలో ఇంకో ముక్క ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చోట్లు ఎంచేటప్పుడు అక్కడున్న కుక్కల సంఖ్యనీ, వాటి వాటి హద్దుల్నీ లెక్కలోకి తీసుకోవాలట. ఢిల్లీలో ఫైలు మీద ఇది రాసింది ఎవరో కానీ, వాళ్ళ ఇంట్లో ఒకటికి మించి కుక్కలుండి ఉంటాయి.